తలుపు ‘మూసి ఉంది’: స్పానిష్‌లో స్థితిని చెప్పడం ఎలా?

ప్రశ్న: ఇంగ్లీషులో ఉన్న పాఠాల సాయంతో ఆరు నెలలుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. ‘తలుపు మూసి ఉంది’ అనడానికి ‘లా ప్వెర్తా ఎస్ సెర్రాదా’ అని రాస్తే తప్పన్నారు. ‘మరియా కూర్చుని ఉంది’ అనడానికి ‘మారీయా ఎస్తా సెంతాందో’ అని రాస్తే అదీ తప్పే అన్నారు. ‘ఉత్తరాలు రాసి ఉన్నాయి’ అనే చోట ‘లాస్ కార్తాస్ ఎస్తాన్ ఎస్క్రీతో’ అన్నాను, దాన్ని ‘ఎస్క్రీతాస్’ అని దిద్దారు. కానీ ‘ఎ ఎస్క్రీతో లాస్ కార్తాస్’ అనే వాక్యంలో అదే మాట మారకుండా ఉండిపోయింది. ‘ఉండు’ అనే అర్థానికి స్పానిష్‌లో రెండు క్రియలున్నాయని, తాత్కాలికమైన వాటికి ‘ఎస్తార్’, శాశ్వతమైన వాటికి ‘సెర్’ అని చదివాను. మరి చనిపోయిన మనిషి గురించి ‘ఎస్తా మ్వెర్తో’ అని ఎందుకంటారు? ఎస్తోయ్ ముయ్ కొన్‌ఫుందీదో!
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ ఉత్తరంలోని స్పానిష్ వాక్యాలను కాసేపు పక్కన పెట్టి, వాటి కోసం మీరే రాసిన తెలుగు వాక్యాలను మరోసారి చదవండి. ‘మూసి ఉంది’, ‘కూర్చుని ఉంది’, ‘రాసి ఉన్నాయి’ అని మూడు చోట్లా ఒకే రకమైన నిర్మాణాన్ని, ఎవరూ నేర్పకుండానే, తడుముకోకుండా వాడారు. స్పానిష్ మిమ్మల్ని అడుగుతున్నది సరిగ్గా ఆ నిర్మాణాన్నే. తెలుగులో జరిగిపోయిన పనిని చెప్పే అసమాపక క్రియకు ‘ఉండు’ చేర్చినట్టే, స్పానిష్‌లో భూతకృదంతానికి (‘సెర్రాదా’, ‘ఎస్క్రీతో’ వంటి, జరిగిపోయిన పనిని చెప్పే రూపానికి) ‘ఎస్తార్’ చేరుస్తారు. మీ పొరపాట్లలో ఎక్కువ భాగం స్పానిష్ రాకపోవడం వల్ల వచ్చినవి కావు, తెలుగు నుంచి స్పానిష్‌కు నేరుగా ఉన్న దారిని వదిలి ఇంగ్లీషు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం వల్ల వచ్చినవి. (స్పానిష్ మాటలను ఇక్కడ లాటిన్ అమెరికా ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో రాస్తున్నాను, పుస్తకంలో ‘వ’ అని తోచే అక్షరాన్ని నేను ‘బ’ అని రాయడానికి కారణం అదే.)

తలుపుతోనే మొదలుపెడదాం. ఒక తలుపు గురించి తెలుగులో మనం నాలుగు రకాలుగా చెప్పగలం: తలుపు మూస్తున్నారు, తలుపు మూశారు, తలుపు మూయబడింది, తలుపు మూసి ఉంది. మొదటి మూడింటిలో ఒక పని కనిపిస్తుంది, చెయ్యి కదులుతుంది, ఎవరో ఒకరు ఉన్నారని తెలుస్తుంది. నాలుగో వాక్యంలో పని లేదు. ఆ పని ఎప్పుడో అయిపోయింది, ఎవరు చేశారన్నది ఇప్పుడు మనకు అనవసరం, మన కళ్ల ముందు ఉన్నది దాని ఫలితం మాత్రమే. ఇంగ్లీషు మూడో వాక్యానికీ నాలుగో వాక్యానికీ చాలాసార్లు ఒకే రూపాన్ని వాడుతుంది కనుక, ఆ భాష ద్వారా నేర్చుకున్నవారు స్పానిష్‌లో ఎక్కడ ‘సెర్’, ఎక్కడ ‘ఎస్తార్’ అన్నది తేల్చుకోలేక తికమకపడతారు. స్పానిష్ ఈ రెంటినీ వేర్వేరుగా ఉంచుతుంది. ‘మూసి ఉంది’ అంటే ‘ఎస్తా సెర్రాదా’. ‘కాపలాదారు చేత మూయబడింది’ అంటే ‘ఫ్వే సెర్రాదా పోర్ ఎల్ పొర్తేరో’. ఇక్కడ ‘ఫ్వే’ అన్నది ‘సెర్’ క్రియకు భూతకాల రూపం.

కాబట్టి మీరు రాసిన ‘లా ప్వెర్తా ఎస్ సెర్రాదా’ అర్థంలేని వాక్యం కాదు. అది ‘తలుపు మూయబడుతుంది’ అని చెబుతోంది. ప్రతి రాత్రీ ఫలానావారి చేత మూయబడుతుంది అన్నట్టు ఒక అలవాటునో నియమాన్నో సూచిస్తోంది. మీరు చెప్పదలచుకున్నది అది కాదు, అంతే. ఇంకొక పోలిక కూడా మీకు ఉపయోగపడుతుంది. ‘మూయబడింది’ అని తెలుగులో ఎవరూ ఇంట్లో మాట్లాడరు, అది రాతలో, అందులోనూ అనువాదపు రాతలో ఎక్కువగా కనిపించే రూపం. మాటల్లో ‘తలుపు మూశారు’ అంటాం. ఆ మూసినవారు ఎవరో చెప్పం, ఒక్కరే మూసినా బహువచనమే వాడతాం. స్పానిష్ మాట్లాడేవారూ ‘సెర్’తో చేసే కర్మణి ప్రయోగాన్ని సంభాషణలో అంతగా వాడరు; వారు కూడా కర్తను చెప్పకుండా బహువచన క్రియతో ‘సెర్రారోన్ లా ప్వెర్తా’ అంటారు. అది అక్షరాలా మన ‘తలుపు మూశారు’. అందువల్ల నా సలహా ఏమిటంటే, కర్మణి వాక్యాలను చదివి అర్థం చేసుకోగలిగితే ప్రస్తుతానికి చాలు. మీరు మాట్లాడేటప్పుడు పనికి ‘సెర్రారోన్’, స్థితికి ‘ఎస్తా సెర్రాదా’ అన్న రెండు రూపాలు మీ అవసరాలను చాలావరకు తీరుస్తాయి.

ఇక తాత్కాలికం, శాశ్వతం అన్న సూత్రం. దాన్ని మరిచిపొమ్మనే చెబుతాను. మొదటి వారం పాఠంలో ‘ఆమె పొడగరి’, ‘ఆమె అలసిపోయింది’ వంటి వాక్యాలను విడదీయడానికి అది కొంత పనికొస్తుంది గానీ, కృదంతాల దగ్గరకు వచ్చేసరికి పూర్తిగా దారి తప్పిస్తుంది. ద్వీపం చుట్టూ నీరు ఉండడం తాత్కాలికమా? నీరు లేకపోతే అది ద్వీపమే కాదు. అయినా స్పానిష్‌లో ‘లా ఈస్లా ఎస్తా రొదెయాదా దె ఆగ్వా’ అనే అంటారు. మరణం కంటే శాశ్వతమైనది లేదు, అయినా ‘ఎస్తా మ్వెర్తో’ అంటారు. ఎందుకంటే చావు అనే సంఘటన జరిగిపోయిన తరువాత మిగిలిన స్థితిని ఆ వాక్యం చెబుతోంది. ఆ స్థితి ఎంతకాలం ఉంటుందన్న లెక్క ‘ఎస్తార్’కు పట్టదు. ఒక మార్పు జరిగి, దాని ఫలితం నిలిచి ఉందా అన్నదొక్కటే దానికి కావాలి. ‘నిలిచి’ అన్న మాటను కావాలనే వాడాను: ‘ఎస్తార్’ పుట్టింది లాటిన్‌లోని ‘స్తారె’ అనే క్రియ నుంచి, దాని అర్థం ‘నిలబడడం’. (పెళ్లి విషయంలో మాత్రం ‘ఎస్తా కసాదో’, ‘ఎస్ కసాదో’ రెండూ వినిపిస్తాయి. మొదటిది పెళ్లి అయి ఉన్నాడన్న స్థితి, రెండోది వివాహితుడన్న వర్గం. ఏది అన్నా మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు.)

మీ రెండో వాక్యం మరియాది. ఇక్కడ ఇంగ్లీషు చేసే నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ భాష కూర్చునే పనికీ కూర్చుని ఉన్న భంగిమకూ ఒకే జరుగుతున్న రూపాన్ని వాడుతుంది. తెలుగులో ఆ సందిగ్ధమే లేదు. మరియా కుర్చీ దగ్గరకు వచ్చి, మోకాళ్లు వంచి, ఇంకా కుర్చీని తాకకుండా మధ్యలో ఉన్న ఆ రెండు క్షణాల్లో మాత్రమే మనం ‘కూర్చుంటోంది’ అంటాం. స్పానిష్‌లో అది ‘సె ఎస్తా సెంతాందో’. ఆ తరువాత గంటసేపు అలాగే ఉన్నా ‘కూర్చుని ఉంది’ అనే అంటాం. స్పానిష్‌లో అది ‘ఎస్తా సెంతాదా’. పడుకుని ఉన్నాడంటే ‘ఎస్తా అకొస్తాదో’, గోడకు ఆనుకుని ఉన్నాడంటే ‘ఎస్తా అపొయాదో’, మోకరిల్లి ఉన్నాడంటే ‘ఎస్తా అర్రొదియాదో’. భంగిమలను చెప్పే ఈ మాటలన్నింటిలోనూ తెలుగూ స్పానిష్ చేతులు పట్టుకుని నడుస్తాయి. ఒక చిన్న తేడా గమనించండి. కూర్చొను, పడుకొను, ఆనుకొను అనే మన క్రియల్లో ‘కొను’ ఉన్నట్టే స్పానిష్ క్రియలతో ‘సె’ ఉంటుంది. తెలుగు అసమాపక రూపంలో ఆ ‘కొని’ జాడ మిగులుతుంది గానీ, స్పానిష్ కృదంతం దగ్గర ‘సె’ రాలిపోతుంది. మీరు రాసినట్టు ‘సె’ లేకుండా ‘ఎస్తా సెంతాందో’ అంటే, మరియా ఇంకెవరినో కూర్చోబెడుతోందని అర్థం వస్తుంది.

నిలబడి ఉండడం ఒక్కటి దేశాన్ని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో ‘ఎస్తా దె ప్యే’ అంటారు, కృదంతం ఉండదు. లాటిన్ అమెరికాలో చాలాచోట్ల ‘ఎస్తా పరాదో’ అంటే నిలబడి ఉన్నాడని అర్థం. అదే మాటను స్పెయిన్‌లో అంటే ఆగిపోయి ఉన్నాడనో, ఉద్యోగం లేకుండా ఉన్నాడనో అనుకుంటారు.

మూడో సందేహం మీ ఉత్తరంలోకెల్లా లోతైనది, కాబట్టి దాని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ‘మూసి’, ‘రాసి’ అనేవి తెలుగులో అవ్యయాలు. తలుపు మూసి ఉంది, తలుపులు మూసి ఉన్నాయి. మారిన భారమంతా ‘ఉండు’ మీద పడింది, ‘మూసి’ కదల్లేదు. ఈ అలవాటుతోనే మీరు ‘ఎస్తాన్ ఎస్క్రీతో’ అన్నారు: క్రియను బహువచనం చేశారు, కృదంతాన్ని వదిలేశారు. స్పానిష్‌లో ‘ఎస్తార్’ తరువాత వచ్చే కృదంతం విశేషణంలా ప్రవర్తిస్తుంది. అది ఎవరి గురించి చెబుతోందో వారి లింగవచనాలను తాను కూడా ధరించాలి. పుంలింగ ఏకవచనం ‘ఎస్క్రీతో’, స్త్రీలింగ ఏకవచనం ‘ఎస్క్రీతా’, బహువచనాలు ‘ఎస్క్రీతోస్’, ‘ఎస్క్రీతాస్’. పుంలింగమూ స్త్రీలింగమూ కలిసి వస్తే పుంలింగ బహువచనమే నిలుస్తుంది.

ఇది మనకు పూర్తిగా కొత్త కూడా కాదు. దేశ్య క్రియల్లో లేకపోయినా, సంస్కృతం నుంచి వచ్చిన ‘త’ చివరగల మాటల్లో ఈ మార్పును మనం రోజూ చూస్తున్నాం. వివాహితుడు, వివాహిత, వివాహితులు. మృతుడు, మృతురాలు, మృతులు. ‘కసాదో, కసాదా, కసాదోస్’ అన్న వరుస కూడా ఇటువంటిదే. ఈ పోలిక కాకతాళీయం కాదు. సంస్కృత వ్యాకరణం క్త ప్రత్యయం అని పిలిచే ఈ ‘త’, లాటిన్ కృదంతాల చివర ఉండే ‘తుస్’ ఒకే ప్రాచీన మూలం నుంచి వచ్చినవి. ఆ లాటిన్ ‘తుస్’ అరిగిపోయి స్పానిష్‌లో ‘తో’గా, ‘దో’గా మిగిలింది. కాబట్టి వాక్యాన్ని ఆలోచించడానికి ‘మూసి ఉంది’ని, కృదంతం చివరను సరిచూసుకోవడానికి ‘వివాహితుడు, వివాహిత’ను గుర్తుపెట్టుకోండి.

మరి ‘ఎ ఎస్క్రీతో లాస్ కార్తాస్’ అన్నప్పుడు ఎందుకు మారలేదంటే, అక్కడ కృదంతం ‘అబేర్’ అనే సహాయక క్రియతో కలిసి ఒకే క్రియారూపంగా గడ్డకట్టింది. ‘నేను ఉత్తరాలు రాశాను’ అని నా పనిని చెబుతున్నాను, ఉత్తరాల స్థితిని వర్ణించడం లేదు. అందుకే అది ఉత్తరాల లింగవచనాలను పట్టించుకోదు. మధ్యయుగపు స్పానిష్‌లో ఇక్కడ కూడా మార్పు కనిపించేది, తరువాత స్థిరపడిపోయింది. 1492లో అంతోన్యో దె నెబ్రిహా తన కస్తీల్య (అంటే స్పానిష్) భాషా వ్యాకరణంలో, ‘అబేర్’ తరువాత వచ్చే ఈ మారని రూపాన్ని మామూలు కృదంతం నుంచి విడదీసి ప్రత్యేకమైన పదవర్గంగానే లెక్కపెట్టాడు. మీకు వచ్చిన సందేహం ఐదు వందల ఏళ్ల క్రితమే ఒక వ్యాకర్త దృష్టిలో పడిందన్నమాట. పాత పద్ధతి ఎలా ఉండేదో చూడాలంటే నేటికీ ‘తెనేర్’తో చెప్పే వాక్యాలు ఉన్నాయి: ‘తెంగో ఎస్క్రీతాస్ త్రెస్ కార్తాస్’. ఇక్కడ ‘ఎస్క్రీతాస్’ మారింది, ఎందుకంటే ఇది ‘మూడు ఉత్తరాలు రాసి పెట్టాను’ అన్న అర్థంలో, రాయడం పూర్తయి అవి నా దగ్గర సిద్ధంగా ఉన్న స్థితిని చెబుతుంది. అలాగే ‘తలుపు తెరిచి వదిలేశాడు’ అంటే ‘దెహో లా ప్వెర్తా ఆబ్యెర్తా’. ‘పెట్టు’, ‘ఉంచు’, ‘వదులు’ అనే మన సహాయక క్రియలు చేసే పనిని అక్కడ ‘తెనేర్’, ‘దెహార్’ చేస్తాయి.

రూపాలను తయారుచేయడం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ‘ఆర్’తో ముగిసే క్రియలకు ‘ఆదో’, ‘ఏర్’, ‘ఈర్’లతో ముగిసేవాటికి ‘ఈదో’ చేర్చండి. నియమం తప్పేవి కొన్నే ఉన్నాయి, కానీ అవి రోజూ తగిలేవి: ఆబ్యెర్తో (తెరిచిన), కుబ్యెర్తో (కప్పిన), ఎస్క్రీతో (రాసిన), రోతో (విరిగిన), ప్వెస్తో (పెట్టిన), ఎచో (చేసిన), దీచో (చెప్పిన), బీస్తో (చూసిన), బ్వెల్తో (తిరిగి వచ్చిన), మ్వెర్తో (చనిపోయిన), రెస్వెల్తో (పరిష్కరించిన). వీటిని పట్టికగా వల్లెవేయకుండా, ‘ఎల్ బాసో ఎస్తా రోతో’ (గ్లాసు పగిలి ఉంది) వంటి ఒక్కొక్క చిన్న వాక్యంగా గుర్తుపెట్టుకుంటే వాటి లింగవచనాలు కూడా వాటంతట అవే అలవాటవుతాయి.

ఇంతవరకు తెలుగును నమ్మమని చెప్పాను. ఇప్పుడు ఎక్కడ నమ్మకూడదో చెప్పాలి. నేను నేర్చుకునే రోజుల్లో ‘మిత్రుడు వచ్చి ఉన్నాడు’ అన్న అర్థంలో ‘మీ అమీగో ఎస్తా యెగాదో’ అని నిశ్చింతగా రాశాను. అది స్పానిష్ కాదు. అక్కడ ‘ఆ యెగాదో’ అనాలి. తెలుగులో ‘ఉండు’ రెండు పనులు చేస్తుంది. ‘ఉత్తరం రాసి ఉంది’ అన్నప్పుడు కర్తస్థానంలో ఉన్నది పనికి లోనైన వస్తువు. ‘నేను ఆ ఉత్తరం చదివి ఉన్నాను’ అన్నప్పుడు అక్కడ ఉన్నది పని చేసిన మనిషి. స్పానిష్‌లో మొదటిది ‘ఎస్తార్’కు, రెండోది ‘అబేర్’కు చెందుతుంది, రావడం, వెళ్లడం, చేరడం వంటి గమన క్రియలు కూడా ‘అబేర్’ వైపే చేరతాయి. కాబట్టి తెలుగు వాక్యం మనసులోకి రాగానే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ‘ఉంది’ ఎవరిది? మార్పు పొందినదానిదైతే ‘ఎస్తార్’. భంగిమల్లో మార్పు పొందేదీ ఆ మనిషి శరీరమే కనుక అవి కూడా ఇక్కడికే వస్తాయి. పని చేసినవారిదో, ఎక్కడి నుంచో వచ్చినవారిదో అయితే ‘అబేర్’. ఇక ‘బండి నెట్టి ఉంది’ అని తెలుగులో అనలేనట్టే, ఏ గుర్తూ మిగల్చని పనులకు స్పానిష్‌లోనూ ‘ఎస్తార్’ అతకదు.

ఇంకొక గుంట ‘నిండి ఉంది’ దగ్గర ఉంది. ‘యెనార్’ అంటే నింపడం, దాని కృదంతం ‘యెనాదో’. అయినా గ్లాసు నిండి ఉందనడానికి ‘ఎస్తా యేనో’ అంటారు, ‘ఎస్తా యెనాదో’ అనరు. స్థితిని చెప్పడానికి విడిగా ఒక పొట్టి విశేషణం ఉన్నప్పుడు ‘ఎస్తార్’ దాన్నే కోరుకుంటుంది, కృదంతం ‘అబేర్’కు మిగిలిపోతుంది. బట్ట ఎండి ఉంటే ‘సేకో’, ఎండబెట్టాను అంటే ‘ఎ సెకాదో’. మేలుకుని ఉన్నాడంటే ‘ఎస్తా దెస్ప్యెర్తో’, మేలుకున్నాడంటే ‘ఆ దెస్పెర్తాదో’. శుభ్రంగా ఉంటే ‘లీంప్యో’, ఖాళీగా ఉంటే ‘బసీయో’. ఈ జంటలు వేరు, ఒకే క్రియకు రెండు కృదంతాలు ఉండడం వేరు. అచ్చువేయడానికి ‘ఇంప్రేసో’, ‘ఇంప్రిమీదో’. వేయించడానికి ‘ఫ్రీతో’, ‘ఫ్రెయీదో’. సమకూర్చడానికి ‘ప్రొబీస్తో’, ‘ప్రొబెయీదో’ అని రెండేసి నిజమైన కృదంతాలు ఉన్నాయి. ‘అబేర్’తో ఏది వాడినా చెల్లుతుంది.

కాలం విషయంలోనూ జాగ్రత్త అవసరం. ‘ఇప్పుడు కార్యాలయం మూసి ఉంది’, ‘నిన్న నేను వెళ్లేసరికి మూసి ఉంది’, ‘పోయిన నెలలో మూడు రోజులు మూసి ఉంది’ అని మూడింటికీ మనం ఒకే ‘ఉంది’తో సరిపెట్టుకుంటాం. స్పానిష్ మూడు రూపాలు అడుగుతుంది. ఇప్పటికి ‘ఎస్తా సెర్రాదా’. నేను వెళ్లేసరికి ఆ స్థితి అప్పటికే కొనసాగుతూ ఉంటే, దాని మొదలూ చివరా నాకు అక్కర్లేకపోతే, ‘క్వాందో యెగే, లా ఒఫిసీనా ఎస్తాబా సెర్రాదా’. ఆ స్థితికి హద్దులు గీసి మూడు రోజులని కొలిచి చెబితే ‘ఎస్తూబో సెర్రాదా త్రెస్ దీయాస్’. గతంలో స్థితిని వర్ణించే సందర్భాల్లో ఎక్కువసార్లు మీకు కావలసింది ‘ఎస్తాబా’యే.

‘ఎస్తార్’ వచ్చిన చోట ‘పోర్’ (చేత) రాకూడదని కొన్ని పాఠాలు చెబుతాయి, అదీ సగం నిజమే. చేసినవారి జాడ ఫలితంలో మిగిలి ఉంటే రావచ్చు: సంతకం చేసినవారి పేరు కాగితం మీద ఉంటుంది కనుక ‘లా కార్తా ఎస్తా ఫిర్మాదా పోర్ ఎల్ దిరెక్తోర్’ అన్నది నిక్షేపమైన వాక్యం. తలుపు మీద మూసినవారి జాడ ఉండదు, అందుకే అక్కడ అది అతకదు. అలాగే ‘ఆబుర్రీదో’ వంటి కొన్ని మాటలు ‘సెర్’తో వస్తే అర్థమే మారుతుంది: ‘ఎస్తా ఆబుర్రీదో’ అంటే అతనికి విసుగ్గా ఉంది, ‘ఎస్ ఆబుర్రీదో’ అంటే అతనే విసుగు పుట్టించే మనిషి. ‘ఎస్తా కయాదో’ అంటే ఇప్పుడు మాట్లాడకుండా ఉన్నాడు, ‘ఎస్ కయాదో’ అంటే స్వతహాగా మితభాషి.

సాధన కోసం పుస్తకం తెరవనక్కర్లేదు. మీరు కూర్చున్న గదిని చుట్టూ చూసి, తెలుగులో ‘ఇ’కారంతో ముగిసి ‘ఉంది’ చేరే వాక్యాలను పైకే చెప్పండి, తరువాత వాటిని మార్చండి. కిటికీ తెరిచి ఉంది: ‘లా బెంతానా ఎస్తా ఆబ్యెర్తా’. లైటు వేసి ఉంది: ‘లా లూస్ ఎస్తా ఎన్సెందీదా’. పుస్తకాలు మూసి ఉన్నాయి: ‘లోస్ లీబ్రోస్ ఎస్తాన్ సెర్రాదోస్’. బట్టలు ఆరేసి ఉన్నాయి అన్నప్పుడు మాత్రం తొందరపడకండి. మనకు బట్టలు బహువచనం, స్పానిష్‌కు ‘రోపా’ స్త్రీలింగ ఏకవచనం, కాబట్టి ‘లా రోపా ఎస్తా తెందీదా’.

చివరిగా, మీ ఉత్తరం ఆఖరున ఆశ్చర్యార్థకంతో రాసిన వాక్యం గురించి. తికమకపడి ఉన్నానని చెప్పుకోవడానికి మీరు ‘ఎస్తోయ్’ వాడారు, దానికి కృదంతం చేర్చారు. ‘సెర్’ జోలికీ, జరుగుతున్న రూపం జోలికీ పోలేదు. ఉత్తరమంతా మీరు అడిగిన నిర్మాణాన్ని అక్కడ మీకు తెలియకుండానే సరిగ్గా కట్టారు. ఒక్క అచ్చు మాత్రం మార్చుకోండి. రాసింది మీరు కనుక అది ‘కొన్‌ఫుందీదో’ కాదు, ‘కొన్‌ఫుందీదా’.